థైరాయిడ్ వాపూ, తీపి మాత్రలూ

మా గుడివాడలో ఎవరికి ఏ జబ్బొచ్చినా ముందు హోమియో మాటే వస్తుంది. 1945 నుంచీ ఇక్కడ హోమియో కాలేజీ ఉంది కదా, ఇంటికో సగం డాక్టరు ఉంటారు. మా ఇంట్లో ఆ సగం డాక్టరు మా పెదనాన్న. నా మెడ ముందు భాగం ఉబ్బిందని తెలిసిన సాయంత్రమే, "స్పాంజియా వేసుకుంటే కరిగిపోతుందమ్మా, ఆపరేషన్లూ గీపరేషన్లూ ఏం అక్కర్లేదు" అని తేల్చేశారు. ఆపరేషన్ మాట అప్పటికి ఎవరూ ఎత్తనే లేదు.

అప్పటికే చాలాకాలంగా ఒంట్లో ఓపిక ఉండేది కాదు. దువ్వెన పెడితే జుట్టు చేతికొచ్చేది. మే నెలలో ఇంటిల్లిపాదీ కూలర్ ముందు చేరితే నేను దుప్పటి వెతుక్కునేదాన్ని. మా అత్తగారు పైకి అనకపోయినా, నాది బద్ధకమనే ఆవిడ ఉద్దేశం.

విజయవాడలో చూపించుకున్నాం. డాక్టరమ్మ నా చేతికి గ్లాసుడు నీళ్లిచ్చి, వెనక నిలబడి, రెండు చేతుల వేళ్లూ నా మెడ మీద ఆనించి "గుటక వేయండి" అన్నారు. మింగినప్పుడు థైరాయిడ్ గ్రంథి పైకి లేచి దిగుతుందట. వాపు కూడా దాంతోపాటు కదిలితే అది చాలావరకు థైరాయిడ్‌దే. తర్వాత ఇంటికొచ్చి అద్దం ముందు ఎన్ని గుటకలు వేశానో! మింగడం కష్టంగా ఉందా, పడుకుంటే ఊపిరాడట్లేదా, గొంతు బొంగురుపోయిందా, గడ్డ ఉన్నట్టుండి పెరిగిందా అని కూడా అడిగారు. వీటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చేయకూడదన్నారు. నాకు అవేవీ లేవు.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) 18 వచ్చింది. నాలుగు దాటితేనే ఎక్కువ కింద లెక్క. యాంటీ టీపీవో, అంటే థైరాయిడ్ మీద దాడిని పట్టిచ్చే యాంటీబాడీలు, కూడా బాగా పెరిగి ఉంది. స్కానింగ్‌లో విడిగా గడ్డలేమీ లేవు, గ్రంథి మొత్తం ఉబ్బి ఉంది. దీని పేరు హషిమోటో థైరాయిడైటిస్. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు దీన్ని మొదట వర్ణించారు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద పడి దాన్ని దెబ్బతీస్తుంది. హార్మోన్ తగ్గేసరికి మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ని ఎక్కువగా పంపి "ఇంకా చేయి, ఇంకా చేయి" అని తరుముతుంది. ఆ దాడికి తోడు ఈ తరుముడు, దాంతో థైరాయిడ్ ఉబ్బుతుంది.

"ఉప్పు మార్చాలా?" అని అడిగాను. గాయిటర్, అంటే ఈ థైరాయిడ్ వాపు, అనగానే మనకు అయోడినే గుర్తొస్తుంది మరి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో మొదలుపెట్టి, హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి, గాయిటర్ తగ్గుతుందని నిరూపించారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. అది అయోడిన్ కొరతకు మందు. నాకున్నది ఆ కొరత కాదు. పైగా అయోడిన్ అతిగా పడితే హషిమోటో ముదరొచ్చు కూడా. మామూలు అయోడైజ్డ్ ఉప్పే వాడమన్నారు. సముద్రపు నాచు క్యాప్సూల్స్ జోలికి మాత్రం పోవద్దన్నారు.

నాకు రాసిన మందు థైరాక్సిన్, అంటే తగ్గిన ఆ థైరాయిడ్ హార్మోనే మాత్రగా: 50 మైక్రోగ్రాములు, పరగడుపున. మాత్ర వేసుకున్నాక అరగంట, వీలైతే గంటదాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలైతే నాలుగు గంటలు ఆగాలి.

పెదనాన్న మాట తీసేయలేక హోమియో డాక్టరు దగ్గరికీ వెళ్లాను. ఆయన నన్ను చాలాసేపు కూర్చోబెట్టి అడిగారు. పులుపు ఇష్టమా తీపి ఇష్టమా, నిద్రలో తలకి చెమట పడుతుందా, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, కలలొస్తాయా, దేనికి భయం... నా గురించి నన్ను అంత ఓపిగ్గా ఎవరూ అడగలేదు. సగం బరువు అక్కడే దిగినట్టనిపించింది. కాల్కేరియా కార్బ్ 200 ఇచ్చారు. "థైరాక్సిన్ మాత్రం ఆపకండమ్మా" అని ఆయనే గట్టిగా చెప్పారు. ఆ ఒక్క మాటకి ఆయనంటే నాకు గౌరవం.

ఇంటికొచ్చి ఆ 200 ఏమిటో చదివాను. ఒక వంతు మందుని 99 వంతుల ద్రావకంలో కలపడం, అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ కలపడం, ఇలా 200 సార్లు. 12 సార్లు దాటాక అసలు మందు అణువు ఒక్కటి మిగలడమే కష్టం. పెదనాన్న చెప్పిన స్పాంజియా అంటే కాల్చిన సముద్రపు స్పాంజ్. అయోడిన్ సంగతి తెలియకముందే ఐరోపాలో దాన్ని గాయిటర్‌కి వాడేవారు. అందులో ఉన్నదీ అయోడినే. 1820లో జెనీవా డాక్టరు కోయిందే నేరుగా అయోడినే ఇచ్చి చూశాడు. దాన్నీ 200 సార్లు పలచన చేస్తే ఆ అయోడిన్ ఎక్కడుంటుంది?

హోమియో పథ్యంలో కాఫీ బంద్. థైరాక్సిన్‌కీ కాఫీ పడదు. కాబట్టి తీపి మాత్రల వల్ల నాకు జరిగిన మేలు ఏదైనా ఉంటే అది ఇదే: మాత్ర వేసుకున్న అరనిమిషానికే గ్లాసు పట్టుకునే అలవాటు పోయింది.

రెండు నెలల తర్వాత టీఎస్‌హెచ్ దిగింది. డోసు 75 చేశాక మామూలుకొచ్చింది. ఓపిక ముందు వచ్చింది, జుట్టు రాలడం తగ్గడానికి ఇంకొంత కాలం పట్టింది. మెడ వాపు అన్నిటికన్నా నెమ్మది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, తెలిసినవాళ్లు చూస్తే కనిపెడతారు. తీపి మాత్రలు ఎప్పుడో మానేశాను. అయినా టీఎస్‌హెచ్ ఏమీ కదల్లేదు. పెదనాన్న మాత్రం పెళ్లిళ్లలో "మా అమ్మాయికి హోమియోతోనే తగ్గింది" అని చెబుతూనే ఉన్నారు. పెద్దాయనతో వాదన పెట్టుకోలేదు గానీ, ఆ మాట విన్నవాళ్లకి విడిగా ఫోన్ చేస్తుంటాను.

అలా చేసిందే మా పిన్ని కూతురికి. దానికీ సరిగ్గా నాలాగే మెడ ఉబ్బింది. పెదనాన్న నాకు చెప్పిన మందే తెప్పించబోయారు. "ముందు రక్తపరీక్ష చేయించుకోవే" అన్నాను. దాని టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. గుండె దడ, చేతుల వణుకు, తిన్నా బరువు తగ్గడం. గ్రేవ్స్ వ్యాధి, నాదానికి పూర్తిగా ఎదురు: థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైపోవడం. దానికిప్పుడు ఆ హార్మోన్‌ని తగ్గించే కార్బిమజోల్ మాత్ర నడుస్తోంది. జ్వరమో గొంతునొప్పో వస్తే మాత్ర ఆపి ఆ రోజే తెల్ల రక్తకణాల లెక్క చూపించుకోమని డాక్టరు చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది.