గీతల మధ్య జాజ్

న్యూజెర్సీలో ఒక ఇంటి పాత సామాన్ల అమ్మకంలో నిరుడు దొరికిన బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ వారి ఎల్పీ రికార్డును నిన్న రాత్రి కంప్యూటరులోకి ఎక్కించాను. అట్ట అంచులు చెద తిన్నట్టున్నా, రికార్డును దీపం కింద వాలుగా పట్టి చూస్తే, లేబులు చుట్టూ ఉన్న నున్నటి భాగంలో ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ ముద్ర, దాని పక్కన చెవి ఆకారంలో చిన్న గుర్తు కనిపించాయి. ఆ చెవి, రికార్డులను అచ్చొత్తిన ప్లాస్టిలైట్ కర్మాగారానిది. 1966లో బ్లూ నోట్ చేతులు మారాక అది మాయమైంది. వాన్ గెల్డర్ 1959లో న్యూజెర్సీలోనే ఉన్న ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌కు మారకముందు హాకెన్‌సాక్‌లో తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే రికార్డింగులు చేసేవాడని తెలిసినప్పటి నుంచి, ఆ గది గోడలు కూడా వినిపిస్తున్నాయన్న భ్రమ నన్ను వదలలేదు.

డిస్టిల్డ్ నీటితో కడిగి, ఆరబెట్టి, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అనే హెచ్చు నాణ్యతలో రికార్డు చేసేంతవరకు అంతా సవ్యంగానే సాగింది. ఆ తరువాత చిటపటలను తొలగించే సాఫ్ట్‌వేర్‌ను తొందరపడి పూర్తి బలంతో నడిపాను; అది సింబల్ (డ్రమ్ముల పక్కనుండే లోహపు పళ్ళెం) మీద పడిన దెబ్బల మొనలను కూడా గీతలనుకుని చెరిపేయడంతో, డ్రమ్మరు దుప్పటి కప్పుకుని వాయించినట్టు వినిపించింది. అదృష్టం, అసలు ఫైలును ముట్టుకోలేదు. ఇప్పుడు పెద్ద గీతలను మాత్రమే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కొక్కటిగా చేత్తో సరిచేస్తున్నాను. మొదటి వైపుకే మూడు గంటలు పట్టింది. రెండో వైపు ఆదివారం.