మూడు గడుల బొమ్మలో ద్రవాన్ని తప్పుగా గీస్తున్నాం

పదార్థ స్థితుల పాఠం ఎక్కడ తెరిచినా మూడు గడుల బొమ్మ ఒకటి ఉంటుంది. మొదటి గడిలో గోళీలు ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉంటాయి, అది ఘనం. మూడో గడిలో నాలుగైదు గోళీలు దూరదూరంగా ఎగురుతుంటాయి, అది వాయువు. మధ్య గడిలో ద్రవం. అక్కడే చాలా బొమ్మలు దారి తప్పుతాయి. ఘనానికీ వాయువుకీ నడుమ ఉంది కాబట్టి కణాల ఎడం కూడా నడిమిరకంగానే ఉండాలన్నట్టు, గోళీకీ గోళీకీ మధ్య ఇంకో గోళీ పట్టేంత చోటు వదిలి గీస్తారు. ఆ బొమ్మ నిజమైతే గ్లాసెడు నీళ్ళను గట్టిగా నొక్కి సగానికి తేగలగాలి. అది ఎవరి వల్లా కాదు.

లెక్క చూద్దాం. 18 గ్రాముల నీరు 18 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. అందులో ఉండే అణువుల సంఖ్య మనకు తెలుసు, 6 పక్కన 23 సున్నాలు. భాగిస్తే ఒక్కో అణువు వాటాకు వచ్చే గది సుమారు 0.3 నానోమీటర్ల భుజం ఉన్న సమఘనం (క్యూబ్). నీటి అణువు పరిమాణం కూడా దాదాపు అంతే. అంటే ద్రవంలో కణాలు భుజం భుజం రాసుకునే ఉన్నాయి. ఇప్పుడు అదే నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేస్తే దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు అవుతుంది. 1,600కి ఘనమూలం దాదాపు 12. కాబట్టి ఆవిరిలో అణువుల మధ్య దూరం నీటిలో ఉన్నదానికి 12 రెట్లు. చాలా పదార్థాల్లో ఘనం నుంచి ద్రవానికి పెద్ద తేడా ఉండదు. ద్రవం నుంచి వాయువుకు మారేటప్పుడే అసలు దూరాలు విచ్చుకుంటాయి.

జాతరలో దేవుడి రథం చుట్టూ చేరిన జనాన్ని తలచుకోండి. మనిషికీ మనిషికీ ఎడం ఉండదు, అయినా ఒకరిని తోసుకుంటూ ఒకరు జరుగుతూనే ఉంటారు. ద్రవం అంటే అది. అంతే జనం బారులు తీరి, నిలబడ్డ చోట నిలబడి ఊగుతుంటే ఘనం. పక్కవాళ్ళను వదిలి జరగగలగడం, జరగలేకపోవడం: ద్రవానికీ ఘనానికీ మధ్య తేడా దూరంలో కంటే ఇందులోనే ఉంది.

పిల్లలకు చూపించడానికి 20 మి.లీ. సిరంజి ఒకటి చాలు. సూది తీసేయండి. ముషలకాన్ని (లోపలికీ బయటికీ జరిగే కాడను) 20 గీత దాకా లాగి, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కండి. 10 గీత దాకా తేవాలంటే లోపలి పీడనం రెట్టింపు కావాలి. సిరంజి లోపలి వ్యాసం దాదాపు 2 సెంటీమీటర్లు కాబట్టి మూడు కిలోల బరువు మోపినంత బలం పడుతుంది, బొటనవేలికి అది సాధ్యమే. వదిలేస్తే ముషలకం వెనక్కి వస్తుంది. ఇప్పుడు నీళ్ళు నింపి అలాగే చేయండి. గీత కదలదు. కదిలిందంటే లోపల గాలి బుడగ మిగిలిపోయిందని అర్థం, నూటికి తొంభై సార్లు జరిగే తప్పు ఇదే. మూతిని పైకి పట్టి, సిరంజిని గోటితో తట్టి, బుడగలన్నీ పైకి చేరాక కాస్త నీరు బయటికి వచ్చేదాకా నొక్కి, అప్పుడు మూయాలి. ముషలకం చివరి రబ్బరు కొద్దిగా అణగడం వల్ల అరగీత జరిగినట్టు కనిపించవచ్చు. అది నీటి గుణం కాదని ముందే చెప్పేయడం మంచిది.

గాలి ఎందుకు అణిగింది? కణాలు చిన్నవై కాదు, మధ్యనున్న ఖాళీ తగ్గి. ఇక్కడ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: ఆ ఖాళీలో ఏముంది? చాలామంది గాలి ఉందంటారు. గాలి అణువుల మధ్య గాలి ఉండదు. అక్కడ ఏమీ లేదు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టాలంటే సమయం పడుతుంది, తొందరపెట్టకూడదు. దీనికి కవల లాంటి పొరపాటు, వేడి చేస్తే కణాలు ఉబ్బుతాయనుకోవడం. ఇనప కడ్డీ వేడికి సాగుతుంది, అందులోని ఇనుము పరమాణువు లావెక్కదు. ఊపు పెరిగి పక్కదాన్ని కాస్త దూరం జరుపుతుంది. మైనం కరిగినా మైనం కణం కరగదు. కణానికి రంగు, మెత్తదనం, తడి ఉండవు. అవి గుంపుకు ఉండే గుణాలు.

ఇక అగరుబత్తి. గది మూలన వెలిగిస్తే వాసన రెండో మూలకు వస్తుంది, ఇదే వ్యాపనం, అంటే కణాలు తమంత తామే కదులుతూ విస్తరించడం, అని అందరూ చెప్పే ఉదాహరణ. పూర్తిగా తప్పనలేం గానీ ఆ వాసనను మోసుకొచ్చింది ప్రధానంగా గాలి కదలిక. గది ఉష్ణోగ్రత దగ్గర గాలి అణువు సగటు వేగం సెకనుకు 470 మీటర్లు, అంటే గంటకు 1,700 కిలోమీటర్లు. అంత వేగం ఉన్నది మూడు మీటర్లు దాటడానికి ఎందుకు ఆలస్యం? ఎందుకంటే అది తిన్నగా పోలేదు. మిల్లీమీటరులో సుమారు 15 వేలో వంతు దూరం పోయేసరికి ఇంకో అణువును గుద్దుకుని దారి మళ్ళుతుంది. సెకనుకు దాదాపు 700 కోట్ల గుద్దుళ్ళు. ముందుకు నాలుగడుగులు, వెనక్కి మూడు, పక్కకు రెండు అన్నట్టు సాగుతుంది దాని ప్రయాణం. ఇలాంటి నడకలో రెట్టింపు దూరానికి రెట్టింపు కాలం సరిపోదు, నాలుగు రెట్లు పడుతుంది. ఈ లెక్కన పూర్తిగా కదలని గాలిలో వాసన అణువు సగటున మూడు మీటర్లు జరగాలంటే రోజులు పడుతుంది. మనకు నిమిషంలో వాసన తగిలిందంటే అది ఫ్యాను, తలుపు సందు, అగరుబత్తి వేడికి లేచిన గాలి చేసిన పని.

గ్లాసు నీళ్ళలో పొటాషియం పర్మాంగనేట్ పలుకు వేసే ప్రయోగానికీ ఇదే ఇబ్బంది. కదలని నీటిలో ఆ రంగు వ్యాపనం వల్ల మాత్రమే ఒక సెంటీమీటరు జరగాలంటే దాదాపు తొమ్మిది గంటలు కావాలి. వేడినీళ్ళలో అరనిమిషానికే గ్లాసంతా రంగెక్కిందంటే అది చాలావరకు నీటి ప్రవాహమే.

నిజమైన వ్యాపనం చూడాలంటే నీటి ప్రవాహాన్ని ఆపాలి. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ (నీటిని జెల్లీలా గడ్డకట్టించే అగర్) అందుకు పనికొస్తుంది. 200 మి.లీ. నీటిలో 2 గ్రాములు పది నిమిషాలు నానబెట్టి, పోగులు కనిపించనంతవరకు బాగా మరిగించండి. గోరువెచ్చని నీళ్ళలో కలిపి సరిపెడితే అది గడ్డకట్టదు. రెండు సన్నని గాజు గ్లాసుల్లో పోసి కదపకుండా ఉంచితే బయటే పేరుకుంటుంది. మిఠాయి రంగును చిక్కగా కలిపి ఒక్కో గ్లాసులో పైన ఒక మి.లీ. పోయండి. పర్మాంగనేట్ వద్దు, అది చైనా గ్రాస్‌తో చర్య జరిపి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక గ్లాసు బయట, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, రంగు అంచు ఎక్కడిదాకా దిగిందో ఒక గంటకు, నాలుగు గంటలకు, పదహారు గంటలకు స్కేలుతో కొలవండి. ప్రతిసారీ కాలం నాలుగింతలు, దూరం సుమారు రెండింతలు. బయటి గ్లాసులో 20 మి.మీ. దిగేసరికి ఫ్రిజ్‌లోది లెక్క ప్రకారం 14 మి.మీ. దగ్గర ఉండాలి, చల్లదనంలో కణాల కదలిక మందగించింది కాబట్టి. రంగు గ్లాసు గోడ వెంట గీతలా జారితే జెల్లీ గోడను వదిలేసిందన్నమాట, ఆ గ్లాసును లెక్కలోకి తీసుకోవద్దు. కాలం, దూరం మధ్య ఈ వర్గ సంబంధాన్ని 1905లో ఐన్‌స్టీన్ రాబట్టాడు. ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త జీన్ పెరిన్ సూక్ష్మదర్శిని కింద రేణువుల నడకను కొలిచి దాన్ని రుజువు చేశాడు, 1926లో నోబెల్ అందుకున్నాడు. కణాలు నిజంగా ఉన్నాయా అన్న వాదన ఆ కొలతలతోనే ముగిసింది. వంటింట్లో చైనా గ్రాస్ గ్లాసు చూపించేది ఆ సూత్రాన్నే, అందుకే దీన్ని ఇంత వివరంగా రాశాను.

ఘనంలో కణాలు ద్రవంలో కంటే దగ్గరగా ఉంటాయన్న మాటకు నీరు లొంగదు. పేరుకునే నెయ్యిలో పూస అడుగుకు చేరుతుంది. కరిగించిన మైనం గడ్డకడితే మధ్యలో గుంట పడుతుంది. రెంటిలోనూ ఘనం చోటు తక్కువ తీసుకుంది. మంచు మాత్రం నీటి మీద తేలుతుంది. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఒక్కోటి నాలుగింటితో మాత్రమే చేయి కలిపి, మధ్యలో ఆరు మూలల ఖాళీలు వదులుతూ అమరుతాయి. దాంతో చోటు 9 శాతం పెరుగుతుంది. గాజు సీసా నిండా నీళ్ళు పోసి డీప్ ఫ్రీజర్‌లో పెడితే పగిలేది ఈ 9 శాతానికే.

మట్టికుండలో నీరు చల్లబడే విషయంలో కణాల మధ్య దూరం కాదు, వాటి వేగం చూడాలి. ఒకే నీటిలో అణువులన్నిటికీ ఒకే వేగం ఉండదు. ఉపరితలం దగ్గరున్న వేగవంతమైనవి పక్కవాటి పట్టు వదిలించుకుని పోతాయి, మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది. ఉష్ణోగ్రత అంటే ఆ సగటుకు కొలతే కాబట్టి నీరు చల్లబడుతుంది. కుండ చెమర్చి 100 మి.లీ. ఇగిరితే సుమారు 240 కిలోజౌళ్ళ వేడి పోతుంది. 10 లీటర్ల నీటిని దాదాపు 6 డిగ్రీలు తగ్గించడానికి అది చాలు. బయటి వేడి లోపలికి వస్తూ ఉంటుంది గనుక అంతా దక్కదు. గాలిలో అప్పటికే ఆవిరి ఎక్కువుంటే పోయినన్ని అణువులు తిరిగి వచ్చి పడుతుంటాయి. అందుకే 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజున కుండ నీరు 24 డిగ్రీల దాకా దిగే వీలుంది, 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న కోస్తా మధ్యాహ్నం 30 దగ్గరే ఆగిపోతుంది. కుండకు అందంగా ఉంటుందని ఆయిల్ పెయింట్ వేస్తే రంధ్రాలు మూసుకుపోయి ఏ ఊళ్ళోనైనా చల్లబడదు.

పోయేవీ తిరిగి వచ్చేవీ సమానమైతే ఏమవుతుందో చూడాలంటే గ్యాస్ సిలిండర్ ఉంది. అందులో అడుగున ద్రవం, పైన దాని ఆవిరి. స్టవ్ వెలిగిస్తే ఆవిరి తగ్గుతుంది, వెంటనే ద్రవంలోంచి మరికొన్ని అణువులు పైకి లేచి ఆ లోటు పూడుస్తాయి. ద్రవం చివరి చుక్క ఉన్నంతవరకు, ఉష్ణోగ్రత మారకపోతే, పీడనం దాదాపు ఒకేలా ఉంటుంది. అందుచేత పీడనం చూపే మీటరు బిగించి గ్యాస్ ఎంత మిగిలిందో తెలుసుకోవాలనుకోవడం దండగ. అది అయిపోయే ముందు దాకా నిండుగానే చూపిస్తుంది. సరైన దారి తూకం. సిలిండర్ పైభాగంలో ఖాళీ బరువు రాసి ఉంటుంది, తూచిన బరువులోంచి దాన్ని తీసేస్తే మిగిలేది గ్యాస్. కొత్త సిలిండర్‌కు అది 14.2 కిలోలు ఉండాలి.