బెత్తెడు జాగా

మేం కట్టిన ట్రక్కుతో ఎడారి రేసు ఆడి, నిన్న రాత్రి పదకొండింటికి బార్‌స్టో నుంచి ఇల్లు చేరాం. రెండుసార్లు తలంటుకున్నా చెవుల్లోంచి ఇంకా దుమ్ము వస్తూనే ఉంది. వారం ఆగితే ఈ కథలో నన్ను నేనే హీరోని చేసేసుకుంటానని తెలుసు, అందుకే ఇవాళే రాస్తున్నా.

మేం ముగ్గురం. నాది తాడిపత్రి, ఇక్కడ కాలిఫోర్నియాలో, శాన్ డియాగోలో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఉద్యోగం. రెండోవాడు గుంటూరోడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటాం. మూడో ఆయన మెక్సికోలోని మెహికాలీలో పుట్టి, మా పక్క ఊరు ఎల్ కహోన్‌లో స్థిరపడిన వెల్డర్. ఆయన్ని అందరూ స్పానిష్‌లో మాయెస్త్రో అంటారు. మన మేస్త్రీ కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన అదే ఇంటి మాట కాబట్టి మేం మేస్త్రీ అనే పిలుస్తాం, ఆయన పలుకుతాడు.

మా ఇంటి నుంచి మెక్సికో సరిహద్దు అరగంట. ఓ నవంబరులో బాహా ఎడారి రేసు మొదలవడం చూడ్డానికి సరిహద్దు దాటి ఎన్సెనాడా వెళ్లాం. 1967లో టిహ్వానా నుంచి లా పాజ్ దాకా మొదటిసారి పరుగెత్తిన రేసు అది. అక్కడ ట్రక్కులు గాల్లోకి లేచి దిగుతుంటే గుంటూరోడు నా భుజం పట్టుకుని "బావా, మనమూ ఒకటి కడదాం" అన్నాడు. వాడికి టైరు మార్చడం కూడా రాదు. నాకొచ్చు. మా నాన్నకు తాడిపత్రిలో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది, పదేళ్లప్పుడే నేను వెల్డింగ్ అద్దం పట్టుకున్నవాణ్ణి. ఈ సంగతి ఈ రెండేళ్లలో మేస్త్రీకి కనీసం యాభైసార్లు చెప్పుంటా. దాని ఫలితం ముందుంది.

బండి కొనడం ఒక్క ఆదివారం పని. 1994 ఫోర్డ్ రేంజర్, టూ వీల్ డ్రైవ్, నాలుగు లీటర్ల వీ6, పద్ధెనిమిది వందల డాలర్లు. కొనేవాళ్లు 1997 లోపుదే చూసుకోండి. టూ వీల్ డ్రైవ్ రేంజర్‌కి అప్పటిదాకా ముందు భాగంలో ట్విన్ ఐ బీమ్, అంటే ఒక్కో చక్రానికి ఒక్కో ఇనప దూలం, ఉండేది, 98 నుంచి తీసేశారు. ఎడారి బళ్లు కట్టేవాళ్లకి ఆ బీములంటే ప్రాణం. కోసి, వంచి, పొడవు పెంచి వెల్డ్ చేస్తే చక్రం అడుగు పైన ఎగిరి దిగుతుంది, అయినా విరగదు.

విప్పడం నెల రోజులు. రెండో వారానికే మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, గ్యారేజీలో గ్రైండర్ చప్పుడు వీధి అందాన్ని చెడగొడుతోందట. చప్పుడు అందాన్ని ఎలా చెడగొడుతుందో రాసినవాళ్లకే తెలియాలి. ఎదురింటాయన ఆకులు ఊదే మిషన్ పొద్దున ఏడింటికి మొదలైతే అది మాత్రం సంగీతం. ఎల్ కహోన్‌లో ఓ షెడ్డులో సగం అద్దెకు తీసుకున్నాం.

వెనక ఇరుసుకి నైన్ ఇంచ్ హౌసింగ్ అనే గట్టి పెట్టె వేశాం. కమాను కట్టలు పాత జాగాలోంచి తీసి హౌసింగ్ పైకి ఎక్కించాం. రేడియేటర్ వెనక ట్రేలోకి పోయింది, ముందుంటే మట్టి కొట్టుకుని మూసుకుపోతుంది. షాక్ అబ్జార్బర్లకే నా బోనస్ మొత్తం పోయింది. మా ఆవిడకి ఆ అంకె ఇప్పటికీ తెలీదు, ఆమె ఇది చదవదని నా నమ్మకం.

ఇక కేజ్. బండి పల్టీ కొడితే ప్రాణం నిలబెట్టే పైపుల గూడు అది. మా బండి బరువుకి పైపు బయటి కొలత అంగుళం ముప్పావు, గోడ మందం 0.120 అంగుళం, అంటే మూడు మిల్లీమీటర్లు ఉండాలి. పైపులమ్మే ఒకాయన అదేనని చెప్పి 0.095 అంటగట్టాడు. మేస్త్రీ చేత్తో ఎత్తగానే "తేలిగ్గా ఉంది" అన్నాడు, మందం కొలిచే వెర్నియర్ పెడితే దొరికిపోయింది. కాబట్టి కొట్లోనే వెర్నియర్ పెట్టి కొలవండి, వాళ్లు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

డ్రాయింగ్ నాది. మేస్త్రీ వద్దన్నాడు. బండిలో మనిషిని కూర్చోబెట్టి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి కడదామన్నాడు. "అన్నా, ఇది 2D కాలం కాదు" అని కంప్యూటర్లో 3Dలో గీసి, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో ఎర్రరంగు, నీలంరంగు వేసి చూపించా. ఆయన చాలాసేపు చూసి "బొమ్మ బాగుంది" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలనుకున్నా.

ఇంకో ఘనకార్యం హెల్మెట్. సగం ధరకి దొరికిందని మోటారుసైకిల్ హెల్మెట్ కొన్నా. కారు రేసుకి ఎస్ఏ ముద్ర ఉన్నదే కావాలి, దానికి నిప్పు పరీక్ష ఉంటుంది. తిప్పి పంపి, సరైనది తెప్పించేసరికి రేసుకి మూడు రోజులే మిగిలాయి. అంతకుముందు ఓకొటీయో వెల్స్ ఎడారి ఇసుకలో రెండుసార్లు నడిపి చూసినప్పుడు ఎవరిదో పాతది, నెత్తికి బిగుతుగా ఉండేది, తగిలించుకుని మెల్లగా తిప్పా. పైన ఏం తగులుతోందో చూసుకోలేదు.

శుక్రవారం సాయంత్రం, బార్‌స్టో అవతల ఎడారిలో, తనిఖీ వరస. మా ముందు పది బళ్లు. ఇన్‌స్పెక్టర్ అరవై దాటిన మనిషి, టోపీ మీద మట్టి మరకలు, మాటలు పొదుపు. బెల్టుల మీద తేదీలు చూశాడు, సరే. మంటలార్పే సిలిండర్లు, సరే. ఫ్యూయల్ సెల్ (రేసు బళ్ల పెట్రోలు ట్యాంకు) గొట్టం, బ్యాటరీ కట్టు, వెనక దుమ్ములో కనిపించే పసుపు లైటు, అన్నీ సరే. పైపుకి వేసి ఉంచిన చిన్న బెజ్జంలోంచి గోడ మందం కొలిచాడు, తలాడించాడు. వెల్డింగ్ మీద వేలు రాసి మేస్త్రీ వంక చూసి "నీదేనా?" అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. నేను మధ్యలో దూరి "డిజైన్ నాది" అన్నా.

"అయితే కూర్చో. హెల్మెట్‌తో."

కూర్చున్నా. బెల్టులన్నీ బిగించారు. ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా హెల్మెట్‌కి పైన అడ్డపైపుకి మధ్య నాలుగు వేళ్లు దూర్చబోయాడు. దూరలేదు. మూడు వేళ్లు. దూరలేదు. రెండు వేళ్లు పట్టీపట్టనట్టు దూరాయి. వాటిని అలాగే ఉంచి కిందికి వంగి నా మొహంలోకి చూశాడు. తలకి కేజ్‌కి మధ్య ఎటు చూసినా మూడంగుళాలు ఉండాలని నిబంధన. మన లెక్కలో బెత్తెడు. ఎందుకు బెత్తెడో బండి పల్టీ కొట్టినవాడికి తెలుస్తుంది: బెల్టు సాగుతుంది, మెడ సాగుతుంది, తల పోయి పైపుని కొట్టుకుంటుంది.

"దీన్ని గీసినతను హెల్మెట్ పెట్టుకోడా?" అని అడిగాడు. ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. వెనక వరసలో ఉన్న కుర్రాళ్లు నవ్వారు. గుంటూరోడు తల తిప్పుకున్నాడు, వాడి భుజాలు ఊగడం నాకు అద్దంలో కనిపించింది.

నేను గీసిన బొమ్మలో మనిషి ఉన్నాడు. కానీ బోడితల మనిషి. సీటు కింద బిగించే ఇనప చెవులు ఎత్తిన అంగుళం లెక్కలో లేదు. ఒత్తిడి లెక్క మాత్రం నాలుగు దశాంశ స్థానాల వరకు ఉంది.

బెల్టులు విప్పుకుని దిగేటప్పుడు హెల్మెట్ ఆ పైపుకే టంగుమని కొట్టుకుంది. అది అందరికీ వినిపించింది.

తాడిపత్రిలో అప్పటికి తెల్లారింది. రేసు ఎప్పుడని నాన్న ఫోను చేశాడు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశా. కాసేపు అటు నుంచి మాట లేదు. "డ్రైవర్ను కూర్చోబెట్టి సూసుకోకుండా ఎవురన్నా క్యాబిన్ కడతారేమిరా? తలపాగాతో సహా కూర్చోబెడ్తాం గదరా మనం" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. బావ అనువాదం చేసి మేస్త్రీకి చెప్పాడు. అడగని పని చెయ్యడంలో వాడు దిట్ట.

మేస్త్రీ మాత్రం ఒక్క మాట అనలేదు. ఆయన పికప్పు వెనకే వెల్డింగ్ జనరేటర్ ఉంది. పైకప్పు జోలికి పోలేదు. సీట్లు పీకి, కింద అడ్డపైపులు కోసి, రెండున్నర అంగుళాలు దించి మళ్లీ అతికించాడు. సీటు దిగితే భుజాల బెల్టు కోణం మారుతుంది, దాని సంగతి చూడ్డానికి ఇంకో గంట. రాత్రి ఒంటిగంటకి, చలికి పళ్లు కొట్టుకుంటుంటే, నేను చేసిన సాయం లైటు పట్టుకోవడం. పదేళ్లప్పుడు చేసింది కూడా అదే.

పొద్దున ఆరున్నరకి ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చాడు. నాలుగు వేళ్లు దూర్చాడు. దూరాయి. స్టిక్కర్ అంటించి, నా హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు.

రేసు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మూడు చుట్లు. సీటు దిగింది కాబట్టి స్టీరింగ్ గడ్డం దగ్గరికొచ్చింది, ముందు రోడ్డు కంటే బానెట్ ఎక్కువ కనిపించింది. పక్క సీట్లో గుంటూరోడు దారి చదవాలి. గోధుమపిండి లాంటి మెత్తటి దుమ్ము గుంటలో దిగబడ్డాక వాడు దారి ఆపి హనుమాన్ చాలీసా అందుకున్నాడు. రెండో చుట్టులో ఒక బండి మా పక్కనే దొర్లింది. ఇద్దరూ తమంతట తామే బయటికొచ్చి బొటనవేలు చూపించారు. ఆ తర్వాత ఐదు నిమిషాలు నేను పైపు వంక చూడకుండా నడపలేకపోయా. మూడో చుట్టు సగంలో మూడో గేరు పోయింది, మిగిలిందంతా రెండో గేర్లో అరుస్తూ వచ్చాం. మా క్లాసులో ఐదు బళ్లు, మాది నాలుగోది. ఐదోది సగంలో ఆగిపోయింది, అయినా నాలుగు నాలుగే.

ప్రస్తుతం ట్రక్కు షెడ్డులో ఉంది, శనివారం ట్రాన్స్‌మిషన్ దించాలి. ఎల్ కహోన్ వైపు వచ్చేవాళ్లెవరైనా ఉంటే రెండు జాక్ స్టాండ్లు పట్టుకురండి. మావి బావ ఎవరికో ఇచ్చాడు, ఎవరికో గుర్తులేదంటున్నాడు.