సాల్వింగ్‌లో నా మొదటి రేటింగ్ ఎలా వచ్చిందంటే

చెస్ టోర్నమెంట్లు ఆడేవాళ్లలో కూడా చాలామందికి ప్రాబ్లమ్ సాల్వింగ్‌కి, అంటే బోర్డు మీద ఇచ్చిన స్థితికి సరైన ఎత్తులు కనిపెట్టడానికి, విడిగా పోటీలు, రేటింగ్ ఉన్నాయని తెలియదు, అందుకే రాస్తున్నా. ఇందులో ఎదురుగా ప్రత్యర్థి ఉండడు. బోర్డు, పావులు, ప్రాబ్లమ్స్ ఉన్న కాగితం, గడియారం, అంతే. నేను రాసింది ఇంటర్నేషనల్ సాల్వింగ్ కాంటెస్ట్, సాధారణంగా జనవరి చివర్లో చాలా దేశాల్లో ఒకే రోజు పెడతారు. మొదటి కేటగిరీలో రెండు రౌండ్లు, రౌండ్‌కి రెండు గంటలు, ఆరు ప్రాబ్లమ్స్, ఒక్కోదానికి 5 పాయింట్లు.

రెండెత్తుల మాట్‌కి (నలుపు ఏం ఆడినా తెలుపు రెండో ఎత్తులో మాట్ చెప్పాలి) తెలుపు మొదటి ఎత్తు, అంటే ‘కీ’, రాస్తే చాలు, ఐదు పాయింట్లూ వచ్చేస్తాయి. కానీ ఆటలో అలవాటు కొద్దీ చెయ్యి ముందు చెక్ వైపో, పావు కొట్టడం వైపో పోతుంది, ఇక్కడ కీ చాలావరకు ఆ రెండూ కాదు, ఒక్కోసారి నల్లరాజు పారిపోవడానికి కొత్త గడి కూడా ఇచ్చేస్తుంది! పైగా ‘ట్రై’లు, అంటే కీలా కనిపించే తప్పుడు ఎత్తులు, ఉంటాయి: ఒక్కటి తప్ప నలుపు జవాబులన్నిటికీ మాట్ అవుతుంది, ఆ ఒక్కదాంతో మొత్తం పోతుంది. నాకు బాగా పనిచేసిన పద్ధతి ఏంటంటే, తెలుపు సంగతి కాసేపు పక్కనపెట్టి నలుపు ఎత్తులన్నీ వరసగా చూడటం, దేనికి మాట్ ఇప్పటికే సిద్ధంగా ఉంది, దేనికి లేదు అని. లేనిచోట వెతికితే కీ బయటపడుతుంది.

మూడెత్తులవాటికి కీతో పాటు బెదిరింపు (నలుపు ఆపకపోతే తెలుపు ఏం చేస్తుందో), ముఖ్యమైన వేరియేషన్లు (నలుపు జవాబులు, వాటికి తెలుపు ఎత్తులు) కూడా రాయాలి, పాయింట్లు వాటిమధ్యే పంచుతారు. హెల్ప్‌మేట్‌లో రెండు రంగులూ కలిసి నల్లరాజుకి మాట్ తెస్తాయి. సెల్ఫ్‌మేట్ నాకు అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే తెల్లరాజుకే మాట్ చెప్పక తప్పని పరిస్థితికి తెలుపు నలుపుని నెట్టాలి, ఇన్నేళ్ల ఆట అలవాటంతా దానికి అడ్డం.

ఇక రేటింగ్. మామూలు చెస్‌లోలా గెలుపోటములు లేవు కాబట్టి, అవే ప్రాబ్లమ్స్ మీద రేటింగ్ ఉన్న మిగతావాళ్లు సగటున ఎంత తెచ్చుకున్నారు, వాళ్ల రేటింగుల సగటు ఎంత, దాన్నిబట్టి మన నుంచి ఎంత ఆశించవచ్చో లెక్కగడతారు. అంతకన్నా ఎక్కువ వస్తే రేటింగ్ పెరుగుతుంది. నాకు పాయింట్లు తక్కువే వచ్చాయని నిరాశపడ్డాను, కానీ ఆ సెట్ అందరికీ కష్టమే అయ్యింది, తీరా చూస్తే నేను అనుకున్నదానికన్నా మంచి రేటింగే వచ్చింది. ఈ పద్ధతి నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. పాయింట్లు సమానమైతే తక్కువ టైమ్ తీసుకున్నవాళ్లు ముందుంటారు, అది స్థానాలవరకే.

రేటింగ్ జాబితా మూడు నెలలకోసారి వస్తుంది. అదే జాబితా పైభాగంలో జాన్ నన్ లాంటివాళ్లుంటారు, ఆటలోనూ గ్రాండ్‌మాస్టర్, సాల్వింగ్‌లో 2004, 2007, 2010లో ప్రపంచ ఛాంపియన్. నా పాయింట్లు ఎక్కువగా పోయింది సెల్ఫ్‌మేట్లలోనే, అందుకని వచ్చే జనవరిదాకా ముందు వాటి పనే పట్టాలి.