దడి కదులుతోంది

మూడేళ్ళుగా రాస్తున్న నవలలో ఒక గోడ ఉంది. ఇప్పటిదాకా చదివిన ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒకటే, దాన్ని ఎవరు కట్టారు, అవతల ఏముంది అని. రెండింటికీ నా దగ్గర జవాబులున్నాయి కానీ వాటి మీద నాకు పెద్దగా మనసు పోదు. దాని లోపల నాలుగు వందల ఏళ్ళుగా బతుకుతున్నవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, పిల్లలకి ఏం చెప్పి పెంచుతారు, అది కదులుతోందని తెలిసినా ఎందుకు నోరు విప్పరు, రాత్రిళ్ళు నిద్రలోంచి లేపి కూర్చోబెట్టేవి నాకు ఈ ప్రశ్నలు.

ఆ గోడ నాకు దొరికింది 2014 అక్టోబర్ 12న, ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో. హుద్‌హుద్ రోజు. నేనప్పుడు పదో తరగతి. ముందురోజే కొవ్వొత్తులు, బ్రెడ్డు తెచ్చుకున్నాం, బకెట్లన్నీ నింపి పెట్టుకున్నాం, వైజాగ్ వాళ్ళకి తుఫాను కొత్తా అనుకున్నాం. పొద్దున్నకల్లా కైలాసగిరి వైపు నుంచి గాలి మొదలైంది, కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పోయాయి, నాన్న మంచం మీది పరుపు తీసి కిటికీకి అడ్డం పెట్టి వీపు ఆన్చి నిలబడ్డారు. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత చదివాను. నాకు గుర్తున్నది మాత్రం నాన్న కాళ్ళు నేల మీద జారుతుంటే ఆయన మాకు కనపడకుండా పళ్ళు బిగించడం.

మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగింది. పైన వెలుతురు వచ్చింది. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఎప్పుడూ చూడని సముద్రపు పిట్టలు నాలుగైదు రెక్కలు వేలాడేసుకుని కూర్చున్నాయి, దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. వీధిలో జనం బయటికి వచ్చేస్తున్నారు, ఎవరి బండి మీద ఏ చెట్టు పడిందో చూసుకుంటున్నారు. అప్పుడు కింద పోర్షన్ అంకుల్, పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, మెట్ల మీద నిలబడి గట్టిగా అరిచారు. "ఎవరూ బయటికి రాకండమ్మా, అయిపోలేదు, ఇది మధ్య!"

ఇది మధ్య. ఆ మాట నా ఒంట్లో ఎక్కడ దిగిందో తెలియదు కానీ ఇప్పటికీ అక్కడే ఉంది.

కాసేపటికి గాలి మళ్ళీ వచ్చింది, ఈసారి హార్బర్ వైపు నుంచి. పొద్దున ఒక పక్కకి వంగి ఎలాగో నిలబడ్డ చెట్లు రెండోసారి ఎదురుగాలికి వేళ్ళతో సహా లేచిపోయాయి. మర్నాడు చూస్తే కొండలన్నీ ఆకు లేకుండా, కాలినట్టు గోధుమరంగులో ఉన్నాయి.

తుఫాను నడిమధ్యలో ఉండే ఆ నిశ్శబ్దాన్ని కన్ను అంటారని, దాని చుట్టూ ఉండే వలయాన్ని కంటి గోడ అంటారని ఆ తర్వాత చదువుకున్నాను. అన్నిటికంటే భయంకరమైన గాలి ఉండేది ఆ గోడలోనే. గోడలో గాలి సుళ్ళు తిరుగుతూ పైకి పోతుంది, కంట్లో మెల్లగా కిందికి దిగుతుంది, అందుకే అక్కడ మబ్బు విడిపోతుంది. పిట్టలు అందులో చిక్కుకుని కన్నుతో పాటే కదులుతూ వస్తాయట. మా మేడ మీద కూర్చున్నవి అలా వచ్చినవేనని నా నమ్మకం.

నా నవలలో దేశం పేరు నడిమిసీమ. పన్నెండు కోసుల అడ్డకొలత ఉన్న కన్ను అది, చుట్టూ ఎన్నటికీ ఆగని గోడ. మామూలు తుఫాను వెచ్చటి సముద్రాన్ని తాగి బతుకుతుంది, నేల మీదికి వస్తే నీరసిస్తుంది, మరి ఇది నాలుగు వందల ఏళ్ళు ఎలా నిలబడింది అంటే నడిమిసీమ నేల కింద ఉడుకుతున్న సముద్రం ఒకటి ఉంది. ఎక్కడ బావి తవ్వినా వేడినీళ్ళే పడతాయి. ఈ సైన్సు నాకు ఇంతే చాలు.

పేరు దగ్గర మాత్రం ఏడాది పట్టింది. మొదట పెద్ద పెద్ద సంస్కృతం పేర్లు పెట్టాను, ఏదీ నోట్లో నిలవలేదు. మన ఇళ్ళల్లో రాత్రి పూట పామంటే పాము అనరు, పురుగు అంటారు. మశూచి వస్తే అమ్మవారు పోసింది అనేవారు. ప్రాణం తీసేదానికి మనవాళ్ళు ఎప్పుడూ చిన్న పేరో, ఇంట్లో మనిషి పేరో పెడతారు, దాన్ని పిలవకుండానే దాని గురించి మాట్లాడుకోవాలి కాబట్టి. అందుకే నడిమిసీమ వాళ్ళకి అది దడి. పెరట్లో మేకలు రాకుండా తాటాకులతో కట్టుకుంటామే, ఆ దడి. ఆకాశం సగం దాకా లేచి తిరుగుతున్న బూడిదరంగు చావుని పట్టుకుని "దడి పక్కకి వెళ్ళకు నాన్నా" అని ఒక తల్లి కొడుక్కి చెప్పే వాక్యం రాసిన రోజు నాకు ఆ ప్రపంచం తలుపు తీసింది.

అన్నిటికంటే కష్టపడింది వాళ్ళ ఆకాశం గురించి. వాళ్ళకి ఆకాశం అంటే పైన గుండ్రంగా కనిపించే ముక్క. సూర్యుడు ఆలస్యంగా వస్తాడు, తొందరగా పోతాడు. నడినెత్తి మీది చుక్కలకే పేర్లున్నాయి. నింగీ నేలా కలిసే గీత వాళ్ళు చూడలేదు, దానికి వాళ్ళ భాషలో మాటే లేదు. నేను పుట్టినప్పటి నుంచీ ఆర్కే బీచ్‌లో ఆ గీత చూస్తూ పెరిగాను. అది లేని మనిషి దూరం అనే మాటని ఎలా అనుకుంటాడు? ఇప్పటికీ ఆ పేజీలు చించి మళ్ళీ రాస్తూనే ఉన్నాను.

దడిలోకి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. ఏళ్ళ తర్వాత మెత్తటి ఎర్ర ఇసుకగా ఇళ్ళ కప్పుల మీద రాలతారు. ఇది భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దొరికింది. గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్ళుగా పేర్చిన ఆ దిబ్బల మధ్య సాయంత్రం ఒక్కదాన్నే నడుస్తుంటే చెప్పుల్లోకి ఇసుక వచ్చింది, దులపబోయి ఎందుకో ఆగిపోయాను. నడిమిసీమలో దీపాలు పెట్టాక వాకిలి ఊడవరు. తెల్లారాక చేటలోకి ఎత్తి కుండలో పోసి ఉంచుకుంటారు, అందులో ఎవరున్నారో ఎవరికి తెలుసు అని.

ఇక అసలు కథ. నా నాయిక తాడుమనిషి. ప్రతి అమావాస్యకీ పడమటి ఊరి చివరి ఇంటి నుంచి దడి దాకా తాడుతో కొలవడం వాళ్ళింటి వృత్తి. లెక్క ఎప్పుడూ ఒక్కటే, మూడు వందల తాళ్ళు. దడి కదలలేదు అని ఆమె ఊళ్ళో చెప్తుంది, జనం నిద్రపోతారు. ఒకరోజు అటక మీద అమ్మమ్మ తాడు దొరుకుతుంది. తన తాడు పక్కన పరిచి చూస్తే అమ్మమ్మది జానెడు పొడుగు. అంటే దడి దగ్గరికి వస్తున్న కొద్దీ ఎవరో తాడుని కొంచెం కొంచెం కత్తిరిస్తున్నారు, లెక్క మారకుండా.

ఈ అధ్యాయం రాయడానికే పోయిన వారం జాలారిపేట వెళ్ళాను, వలతాడు ఎలా కొలుస్తారో చూద్దామని. ఒక పెద్దాయన రెండు చేతులూ బార్లా చాపి, ఈ వేళ్ళ చివర నుంచి ఆ వేళ్ళ చివరి దాకా తాడు లాగి, ఇదమ్మా బార అని చూపించారు. పక్కనే ఆయన మనవడు, ఆరడుగుల కుర్రాడు, అదే తాడుని తన చేతులతో కొలిచాడు. తాతకి పది బారలు వచ్చింది మనవడికి తొమ్మిది చిల్లరే వచ్చింది. మరి మీ ఇద్దరిలో ఎవరిది సరైన లెక్క అంటే పెద్దాయన నావైపు వింతగా చూశారు. "ఎవరి వలకి వాళ్ళ బార" అన్నారు.

ఇంటికొచ్చి రాసిందంతా పక్కన పెట్టేశాను. ఊరిపెద్దలు ఆమెతో ఇప్పుడు అబద్ధం చెప్పక్కర్లేదు. "మీ అమ్మమ్మ పొడగరి తల్లీ, ఆవిడ బార పెద్దది" అంటే చాలు. అది నిజం కూడా కావచ్చు. తాడు కత్తిరించారా, చేతులు మారాయా, దడి వస్తోందా, ఎలా తేల్చుకుంటుంది ఆ పిల్ల? అమ్మమ్మ చేతుల పొడవు తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కరైనా మిగిలి ఉండాలి. రాత్రి నుంచి ఆ మనిషి కోసమే వెతుకుతున్నాను. అమ్మమ్మకి రవికలు కుట్టిన ముసలామె ఒకావిడ ఉంటే?