పూసలు పీకమన్నాడు మా మేస్త్రీ

ఈ దేశం వచ్చి కిటికీల పనిలో చేరిన రెండో రోజు, మా మేస్త్రీ నిచ్చెన మీద నుంచి కిందకి చూసి 'బీడ్స్ తియ్యి' అన్నాడు. బీడ్స్ అంటే మనకి తెలిసింది పూసలే కదా, నేల మీద వెతికా, సోఫా కింద చూశా, చివరికి ఆ ఇంటి పెద్దావిడని మీ దండ ఏమైనా తెగిందా అండీ అని కూడా అడిగేశా. ఆవిడ మెడ తడుముకుంది. మేస్త్రీ నవ్వాపుకోలేక నిచ్చెన దిగి వచ్చి చూపించాడు, అద్దం ఊడిపోకుండా ఫ్రేములో చుట్టూ నాలుగు వైపులా నొక్కి పెట్టే ప్లాస్టిక్ బద్ద ఉంటుంది చూడండి, అదీ బీడ్ అంటే. ఇప్పటికీ నేను పనిలో మనసులో దాన్ని పూస అనే అనుకుంటా.

అదే వారంలో ఇంకో ఇంట్లో 'ఇది బ్లో అయింది' అన్నాడు, నేను రెండడుగులు వెనక్కి దూకా, ఏదో పేలిందనుకుని. అద్దం మీద గీత కూడా లేదు. రెండద్దాల మధ్యలో మసక పట్టింది, అంతే. మన ఇంగ్లీషు అంతా పుస్తకాల్లోంచి వచ్చింది, పనివాళ్ల ఇంగ్లీషు అందులో ఉండదు, మొదటి ఆరు నెలలు నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కంటే ఈ మాటలు పట్టుకోవడమే కష్టమైంది.

ఆ మసక సంగతి చెప్తా, ఎందుకంటే తెలుగువాళ్ల ఇళ్ల నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం అదే. డబుల్ గ్లేజింగ్ అంటే రెండద్దాలు, వాటి మధ్య అంచుల చుట్టూ ఒక సన్నటి బోలు బద్ద, దాన్ని స్పేసర్ అంటారు, ఆ బోలులో తేమ పీల్చే గింజలు పోస్తారు, కొత్త బూట్ల డబ్బాలో చిన్న పొట్లం వస్తుంది కదా అలాంటివే. మధ్య ఖాళీలో గాలి గానీ ఆర్గాన్ అనే వాయువు గానీ ఉంటుంది. పగలు ఎండకి అది ఉబ్బుతుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది, ఏళ్ల తరబడి అలా ఊపిరి పీల్చి వదిలినట్టు అయ్యేసరికి అంచున ఉన్న సీలు ఎక్కడో ఒకచోట వదులైపోతుంది, బయటి తేమ మెల్లగా లోపలికి దూరుతుంది, గింజలు పీల్చినంత పీల్చి ఇక మా వల్ల కాదంటాయి, ఆ తర్వాతే మనకి మసక కనపడేది. అంటే మీరు చూసేసరికి సీలు పోయి చాలా కాలమైనట్టే. (రెండద్దాలు కలిపి అంచులు మూసేసే ఈ ఆలోచనకి అమెరికాలో స్టెట్సన్ అనే ఆయన 1865లోనే పేటెంటు తీసుకున్నాడట, చదివి ఆశ్చర్యపోయా, నేనేదో ఈమధ్య వచ్చిందనుకున్నా.)

కానీ మసకంతా ఒకటి కాదు. కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒకాయన చలికాలం మొదట్లో కంగారుగా ఫోన్ చేశాడు, 'అన్నా, కిటికీలన్నీ పోయినట్టున్నాయి, తెల్లారేసరికి నీళ్లు కారుతున్నాయి, ఒకతను వచ్చి చూసి మొత్తం మార్చాల్సిందే అన్నాడు' అని.
'వేలితో రాస్తే చెరుగుతోందా?'
'ఆ, ఇంట్లో నుంచి రాస్తే చెరుగుతోంది అన్నా.'
'అయితే కిటికీ బాగానే ఉంది. బట్టలు ఎక్కడ ఆరేస్తున్నావు?'
రెండు క్షణాలు చప్పుడు లేదు. 'రేడియేటర్ మీద' అన్నాడు, అదే, గదిని వేడి చేయడానికి గోడకి బిగిస్తారే, దాని మీద.

వెళ్లి చూస్తే ఫ్రేము పైన గాలి రావడానికి సన్నటి చీలికలు పెడతారే, వాటన్నిటికీ టేపు అంటించి ఉంది, చల్లగాలి వస్తోందని. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, మొదటి చలికాలం నేనూ అదే చేశా కాబట్టి, కనపడిన ప్రతి కన్నమూ మూసేశా. ఇంట్లో నలుగురు మనుషులు, వంట, స్నానాలు, తడి బట్టలు, ఆ ఆవిరంతా ఎటు పోవాలి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉన్నచోట నీళ్లై కూర్చుంటుంది, ఆ చోటు అద్దం. టేపు పీకేసి, వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, బట్టలు ఆరేసిన గదికి తలుపు మూసి కిటికీ కాస్త తీసి ఉంచమన్నా. తగ్గింది. ఇక అద్దం బయటివైపు పొద్దున్నే మంచు పట్టిందంటే అసలు కంగారే వద్దు, ఇంట్లో వేడి బయటి అద్దం దాకా పోవట్లేదని దానర్థం, అంటే అద్దం పనిచేస్తోంది. లోపల రాసినా పోక, బయట రాసినా పోకపోతేనే ఆ గాజు మార్చాలి. గాజు మాత్రమే, ఫ్రేముతో సహా కాదు. ఈ ఒక్క ముక్క తెలియక మొత్తం కిటికీలు మార్పించుకున్నవాళ్లని చూశా, నాకు కడుపు మండేది అక్కడే. గాజుకి చిన్న కన్నం పెట్టి ఆరబెట్టే పద్ధతీ ఉంది, మసక పోతుంది నిజమే, కానీ గింజలు ఎప్పుడో నిండిపోయాయి, ఆర్గాన్ ఎప్పుడో పోయింది, నాకు ఆ పని నచ్చదు.

సీలు తొందరగా పోవడానికి ఇంకో కారణం నీళ్లు నిలవడం. వాన నీళ్లు ఫ్రేములోకి అసలు రాకూడదని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నా, నిజానికి కొన్ని వస్తాయి, రావడానికి ఒప్పుకునే ఫ్రేము తయారు చేస్తారు, వచ్చినవి కింద సన్నటి చీలికల్లోంచి బయటికి పోతాయి. ఆ చీలికల్లో దుమ్ము, చచ్చిన పురుగులు చేరితే నీళ్లు లోపలే నిలిచి గాజు అడుగు నానుతుంది. ఒకింట్లో అయితే ఆ చీలికలని ఎవరో సిలికాన్‌తో శుభ్రంగా పూడ్చేశారు, బయటి నీళ్లు రాకుండా ఆపుదామని, ఆ నీళ్లు హాల్లోకి వచ్చాయి. ఏడాదికి రెండుసార్లు రెక్క తెరిచి కింది గాడిని బ్రష్షుతో ఊడ్చి, కేబుల్ టై లాంటి దానితో కన్నాలు పొడిచి, గ్లాసుడు నీళ్లు పోసి బయటికి కారుతున్నాయా చూసుకుంటే చాలు. రబ్బర్లు కూడా అప్పుడే తడిగుడ్డతో తుడిచి కాస్త సిలికాన్ స్ప్రే కొట్టండి. థిన్నర్లు, బ్లీచులు యూపీవీసీ మీద, అంటే ఈ ఫ్రేముల ప్లాస్టిక్ మీద, వాడొద్దు.

తలుపుల దగ్గరికొస్తే కథ వేరు, ఈ ప్లాస్టిక్ తలుపులకి ముందు హ్యాండిల్ పైకెత్తి ఆ తర్వాత తాళం తిప్పాలి. తలుపు కింద రాసుకుంటోంది, హ్యాండిల్ పైకెత్తితే కష్టంగా ఉంది, మనవాళ్లు ఏం చేస్తారంటే ఇంకా గట్టిగా ఎత్తుతారు. కొన్నాళ్లకి తలుపు మధ్యలో తాళాన్ని నడిపే గేర్ బాక్స్ విరుగుతుంది, అప్పుడు ఇంటి బయటో లోపలో ఇరుక్కుని నాకు ఫోన్ చేస్తారు, అదీ రాత్రిపూట. చిన్న పరీక్ష చెప్తా, తలుపు తెరిచి ఉంచి హ్యాండిల్ ఎత్తి తాళం తిప్పి చూడండి, హాయిగా తిరిగితే తాళంలో తప్పు లేదు, తలుపు జారిందని అర్థం. తెరిచినప్పుడు కూడా మొరాయిస్తేనే లోపలి మిషన్ సంగతి. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రమే పట్టేసి రాత్రికి మామూలైపోయే తలుపులు కూడా ఉన్నాయి, ముఖ్యంగా ముదురు రంగువి, ఎండకి ప్లాస్టిక్ సాగి వంగుతుంది, సాయంత్రం వెళ్తే నాకు ఏ తప్పూ కనపడదు, అబద్ధమాడారనుకుంటాం.

జారిన తలుపుకి ముందు బందుల దగ్గరే చూస్తాం, చాలా వాటికి అలెన్ కీతో తిప్పే ఏర్పాటు ఉంటుంది, పావు చుట్టు తిప్పు, మూసి చూడు, మళ్లీ పావు చుట్టు. దానితో కుదరకపోతే 'టో అండ్ హీల్'. మొదటిసారి విన్నప్పుడు బొటనవేలు, మడమ అంటే నా కాళ్ల వంక చూసుకున్నా, సేఫ్టీ బూట్లు వేసుకోలేదేమో అంటున్నాడనుకుని! సంగతేంటంటే, ప్లాస్టిక్ తలుపు తనంతట తాను బిగువుగా నిలబడదు, దానికి బలం లోపలి గాజే. తడిక తలుపు జారకుండా ఏటవాలుగా ఒక కర్ర బిగిస్తాం కదా, ఇక్కడ ఆ కర్ర పని గాజు చేస్తుంది. బందు వైపు కింది మూలలో ఒక ప్లాస్టిక్ ముక్క, ఎదురు మూలలో అంటే హ్యాండిల్ వైపు పైన ఒక ముక్క గాజుకీ ఫ్రేముకీ మధ్య ఇరికిస్తే, గాజు బరువు బందు మీదకి దిగి తలుపు హ్యాండిల్ వైపు పైకి లేస్తుంది. రెండు మిల్లీమీటర్ల ముక్కకి అంత తలుపు లేవడం చూసిన రోజు ఈ పని మీద నాకు నిజంగా గౌరవం వచ్చింది, అప్పటిదాకా చదివిన చదువేంటి చేస్తున్న పనేంటి అని లోపల ఒకటి ఉండేది.

అద్దె ఇళ్లలో చేరేవాళ్లకి ఒక మాట, మీకంటే ముందు ఎంతమంది ఉన్నారో, ఎన్ని తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో తెలియదు, ఓనర్‌ని అడిగి సిలిండర్, అంటే తాళంలో చెవి దూరే ముక్క, మార్పించుకోండి. తలుపు అంచున ఒకటే పొడుగు స్క్రూ, అది తీసి తాళంచెవి కొంచెం అటూ ఇటూ తిప్పితే సిలిండర్ జారి వస్తుంది. కొనేటప్పుడు ఆ స్క్రూ కన్నం మధ్య నుంచి లోపలికెంత, బయటికెంత విడివిడిగా కొలవాలి, మొత్తం పొడుగు కాదు. బయటికి పొడుచుకొచ్చినట్టుంటే దొంగ పట్టకారుతో పట్టి విరిచేస్తాడు. అందులో నూనె పొయ్యొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది, గ్రాఫైట్ పొడి మేలు. మేడ మీద పడకగది కిటికీల తాళంచెవులు మాత్రం చేతికందే చోటే పెట్టండి, మంటలు వస్తే దారి అదే.

కిటికీ రెక్క గాలికి నిలవకపోయినా, మూశాక ఒక మూల సందు ఉన్నా బందులు అరిగాయి, కొత్తవి కొనేముందు పాతదాని పొడుగుతో పాటు మడిచినప్పటి మందం కూడా చూడండి, 13 మిల్లీమీటర్లవి, 17 మిల్లీమీటర్లవి ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోటి వేస్తే రెక్క మూసుకోదు. నేను వేశా, అందుకే తెలుసు.

గాజు మార్చేటప్పుడు పూసల్లో పొడుగుది ముందు, దాని నడుమ నుంచి మొదలుపెట్టి, పల్చటి పుట్టీ కత్తి ఫ్రేముకీ పూసకీ మధ్య దూర్చి మెల్లగా లేపాలి, ఏది ఎక్కడిదో పెన్సిల్‌తో రాసుకోవాలి. తలుపులకీ నేలకి దగ్గరగా ఉన్న కిటికీలకీ టఫెన్డ్ గాజే, అంటే వేడి చేసి గట్టిపరిచిన గాజు, మూలలో ముద్ర ఉంటుంది, దాన్ని ఎవరూ కొయ్యలేరు, కొయ్యబోతే మొత్తం గవ్వల్లా రాలుతుంది, కాబట్టి కొలత సరిగ్గా ఇచ్చి చేయించుకోవాలి. కొలత కనపడే అద్దానిది కాదు, పూసలు తీశాక కనపడే గుంతది, చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గించి. పాత గాజు ముందు లైటర్ వెలిగిస్తే నాలుగు మంటలు కనపడతాయి, అందులో ఒకటి రంగు తేడాగా ఉంటే వేడి ఆపే పూత ఉన్నట్టు, కొత్తదానికీ అదే అడగండి. పెద్ద గాజు ఒక్కరే ఎత్తొద్దు.

బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది, పొట్టి పూసలు ముందు, పొడుగువి చివర, విల్లులా వంచి రెండు చివర్లూ కూర్చోబెట్టి నడుమ రబ్బరు సుత్తితో ఒక్కటి, టక్కుమని పడుతుంది. చలికాలంలో మాత్రం ఇలా వంచితే పుటుక్కున విరుగుతుంది, చలికి అంత పెళుసైపోతుంది. అందుకని పీకిన వెంటనే పొడుగువి ఇంట్లో రేడియేటర్ పక్కన పెట్టించి, పొట్టివి నా కోటు లోపల పెట్టుకుంటా.