శివారు మడి

మొదట పేకలో తెలిసింది. సాయంత్రం మా అరుగు మీద నలుగురం రమ్మీ వేస్తాం, డబ్బుల్లేని ఆటే. ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పారేశారో ఆట చివరిదాకా నా బుర్రలో వరసగా ఉండేది. ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం లేకపోతే ఎలా? అలాంటిది ఆ సంక్రాంతి దాటాక ఒకరోజు, నేను పారేసిన ఇస్పేటు రాణి కోసం నేనే ఎదురుచూస్తూ కూచున్నాను. "ఏటి మాస్టారూ, ఇందాక తమరే కదా పడేసారు" అన్నాడు పక్కనున్నాయన. అందరితో పాటు నేనూ నవ్వేశాను.

తర్వాత నరసన్నపేట బజారులో ఆనపకాయ పేరు నోటికి రాలేదు. వేలు పెట్టి చూపించి కొన్నాను. మా ఆవిడ "అరవై నాలుగొచ్చాయి, ఇంకా కుర్రాళ్లనుకుంటున్నారేటి" అంది. దగ్గర్లోని డాక్టరూ అదే మాట కాస్త గౌరవంగా చెప్పి బలానికి ఇంజక్షన్లు రాశాడు. మెడ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. నాకూ తట్టలేదు.

కన్ను దగ్గర మాత్రం భయం వేసింది. పొద్దున్న పేపరు చదువుతుంటే ఎడమ కంటికి పైనుంచి నాటకం తెర దించినట్టు బూడిద రంగు కమ్ముకుంది. ఒక కన్ను మూసి ఒకటి తెరిచి చూసుకున్నాను. ఎడమదే. నొప్పి లేదు. ఐదు నిమిషాల్లో తెర పైకి లేచిపోయింది, కాఫీ కూడా చల్లారలేదు. విశాఖలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయికి ఫోన్లో మాటవరసకు చెప్పాను. "నాన్నా, ఇప్పుడే బయల్దేరు. ఇది కంటి జబ్బు కాదు" అంది.

అక్కడి డాక్టరు స్టెతస్కోపు నా మెడకు పెట్టాడు. గుండెకు కాకుండా మెడకు పెట్టడం అదే చూడటం. డాప్లర్ స్కాన్‌లో, మెడలో ఎడమవైపు కంటికీ మెదడుకీ రక్తం తీసుకెళ్లే ధమని 80 శాతం మూసుకుపోయిందని తేలింది. ఎమ్మారైలో చిన్న చిన్న పాత మచ్చలు, నాకు తెలియకుండానే వచ్చిపోయిన స్ట్రోకులవి. ఆ తర్వాత ఒకమ్మాయి కాగితం ఇచ్చి, గడియారం గీసి పదకొండూ పది చూపించమంది. గీశాను. వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మంది. తొంభై మూడు, ఎనభై ఆరు... ఆగిపోయాను. ఎనిమిదో తరగతి పిల్లలకు బెత్తం చూపించి చెప్పించిన లెక్క. ముప్ఫైకి ఇరవై రెండు వేశారు. కనీసం ఇరవై ఆరు రావాలట.

"మెడలో అడ్డుంటే బుర్రకేమవుతుంది?" అని అడిగాను. మెదడు ఒంటి బరువులో 2 శాతమే అయినా ఆక్సిజన్‌లో 20 శాతం దాకా అదే వాడుకుంటుందని చెప్పాడాయన. అడ్డు దగ్గర రక్తం తగ్గుతుంది, లేదా అక్కడి కొవ్వు తునకలు ఊడి పైకి కొట్టుకుపోతాయి. కొందరికి పక్క దారుల్లో సరిపడా రక్తం అంది ఏమీ తెలియదు. నాకు వంశధార కాలువ గుర్తొచ్చింది. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని అందరూ అంటారు, శివారు మడి మాత్రం ఎండే ఉంటుంది. అక్కడి రైతు గోల ఎవరికీ వినపడదు. అదే చెబితే డాక్టరు నవ్వి, "మెదడులోనూ అంతే, రెండు కాలువల చివళ్లు కలిసే చోటే ముందు ఎండేది" అన్నాడు.

కారణం అడగక్కర్లేదు. ముప్ఫై ఏళ్ల సిగరెట్లు, సగం రోజులు మర్చిపోయిన బీపీ మాత్రలు. మా అమ్మ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని, తాగి ఎనభై ఏళ్లు బతికిందని గొప్పలు చెప్పుకునేవాణ్ణి, ఆ లెక్కా తప్పింది.

కన్ను అలా హెచ్చరించాక రెండు వారాల్లోపే ధమని తెరిచి ఆ అడ్డు తీసేసే ఆపరేషన్ చేస్తే మేలన్నారు. ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాడు: "ఇది పక్షవాతం రాకుండా చేసేది. జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని మాటివ్వలేను." ఆ మాటతోనే నాకాయన మీద గురి కుదిరింది.

మెడకు మాత్రమే మత్తు ఇచ్చారు. కుడిచేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బాతు పెట్టారు. ధమనిని కాసేపు బిగించినప్పుడు మెదడుకు రక్తం అందుతోందో లేదో ఆ బాతు చెప్పాలి. "నొక్కండి మాస్టారూ" అంటే కీచ్. మధ్యలో పదిహేడో ఎక్కం చెప్పమన్నారు. పదిహేడు ఆర్లు నూటరెండు, కీచ్, పదిహేడేళ్లు నూటపందొమ్మిది, కీచ్. జన్మలో అంత శ్రద్ధగా ఎక్కం అప్పజెప్పలేదు. తర్వాత సీసాలో చూపించారు, కుండ అడుగున గారలాంటి పసుపుపచ్చ ముక్క, చిటికెన వేలి కొస అంత.

ఎడమ చెవి తమ్మె ఇప్పటికీ మొద్దుగానే ఉంది. గడ్డం గీసుకుంటుంటే ఆ పక్క ఎవరిదో అనిపిస్తుంది. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర రోజూ పడుతున్నాయి, సిగరెట్ పోయింది. ఆర్నెల్లకు మళ్లీ అదే పరీక్ష పెడితే ఇరవై అయిదు వచ్చాయి. అది ఆపరేషన్ వల్లో, బీపీ దారికొచ్చినందుకో, పరీక్ష అలవాటయ్యో ఎవరు చెప్తారు? పేర్లు ఇంకా అప్పుడప్పుడు జారుతున్నాయి.

మొన్న అరుగు మీద షో చెప్పి ముక్కలు పరిచాను. పక్కనున్నాయన ఏమీ అనలేదు గాని, కళ్లజోడు సరిచేసుకుని పదమూడు ముక్కలూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.